జోడు డిగ్రీ ఎక్కాక దిగేదెలా?

ఒకే మాటకు మూడు అర్థాలు.. తెలియక చేరితే ఏళ్లు వృథా

బళ్లారి: పీయూసీ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచే సరిహద్దు ఊళ్లలో ఒక మాట బాగా వినిపిస్తుంది. అదే 'డబుల్ డిగ్రీ'. ఒకే ఖర్చుతో రెండు పట్టాలు, ఒకే పరుగులో రెండు ఉద్యోగాల దారి అని చెప్పగానే తల్లిదండ్రులకు ఆశ పుడుతుంది. బళ్లారి, రాయచూరు, కోలారులోనే కాదు, హోసూరులో ప్లస్‌టూ అయిన పిల్లలైనా, బరంపురం, షోలాపూర్, నాందేడ్, యానాంలలోని మన పిల్లలైనా ఇదే మాట చుట్టూ తిరుగుతారు. చేరేటప్పుడు అందరూ సంతోషంగానే ఉంటారు. కథ అడ్డం తిరిగేది రెండో ఏడాదిలోనో, మూడో ఏడాదిలోనో.

అప్పుడొచ్చే ప్రశ్న ఒక్కటే. రెండూ నావల్ల కాదు, ఒక్కటి చాలు, ఇప్పుడు ఒకదానికి మారొచ్చా? కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర దీనికి తిన్నగా జవాబు దొరకదు. ఒకరు అవుతుందంటారు, ఇంకొకరు కాదంటారు. ఇద్దరూ అబద్ధం చెబుతున్నట్లు కాదు. ఎవరు ఏ జోడు డిగ్రీ గురించి మాట్లాడుతున్నారన్నదే అసలు చిక్కు. ఆ మాట కింద ఇప్పుడు మూడు వేర్వేరు చదువులు నడుస్తున్నాయి. ఒకదాంట్లో మధ్యలో దిగే తలుపు మూసి ఉంటుంది. ఇంకొకదాంట్లో బార్లా తెరిచి ఉంటుంది. మూడోదాంట్లో తలుపు ఉన్నా, ఏ ఏడాది చేరారన్నదాన్ని బట్టి తాళం మారుతుంది.

మూడూ మూడు దారులు

మొదటిది ఇంటిగ్రేటెడ్ జోడు డిగ్రీ. అయిదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీ, బీకాం ఎల్‌ఎల్‌బీ, నాలుగేళ్ల బీఏ బీఈడీ, బీఎస్సీ బీఈడీ ఈ కోవలోవి. పేరులో రెండు పట్టాలున్నా చదువు మాత్రం ఒక్కటే ముద్ద. రెండోది ఒకేసారి రెండు కోర్సుల్లో పేరు నమోదు చేసుకోవడం. పగలు ఊళ్లోని కాలేజీలో బీకాం, ఇంటి దగ్గర దూరవిద్యలో బీఏ లాంటిది. ఇక్కడ రెండూ దేనికది వేరు. మూడోది డబుల్ మేజర్. పట్టా ఒక్కటే, అందులో ప్రధాన సబ్జెక్టులు రెండు.

ఈ తేడా కాగితం మీద చిన్నదిగానే కనిపిస్తుంది. పిల్లల జీవితంలో మాత్రం రెండు మూడేళ్ల తేడా తెచ్చిపెడుతుంది.

లా కోర్సులో మధ్యలో దిగే మెట్టు లేదు

అన్నిటికన్నా గట్టి నిబంధన ఉన్నది న్యాయవిద్యలో. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్య నిబంధనల్లో 13వది ఈ విషయాన్ని సూటిగా తేల్చేసింది. ఇంటిగ్రేటెడ్ జోడు డిగ్రీని మధ్యలో విడగొట్టి ఒక పట్టా చేతికిచ్చి పంపడం కుదరదు. అలాగే ఇదివరకే డిగ్రీ ఉంది కదా అని అయిదేళ్ల కోర్సు మధ్య సంవత్సరంలో నేరుగా చేరడమూ కుదరదు. పక్కదారిన రావడానికి వీల్లేదు, పక్కదారిన పోవడానికీ వీల్లేదు.

దీని అర్థం ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. బళ్లారి అమ్మాయి ఒకరు బెంగళూరులో అయిదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీలో చేరిందనుకుందాం. మూడేళ్లు గడిచాయి. చరిత్ర, రాజనీతిశాస్త్రం, ఆర్థికశాస్త్రం లాంటి బీఏ సబ్జెక్టులు చాలావరకు పాసైంది. ఈలోగా ఇంట్లో పరిస్థితి మారింది. తండ్రి వ్యాపారం దెబ్బతినొచ్చు, పెళ్లి సంబంధం కుదరొచ్చు, లేదా కోర్టు పని తనకు సరిపడదని ఆమెకే అనిపించొచ్చు. మామూలు కాలేజీలో మూడేళ్ల బీఏ చదివిన ఆమె స్నేహితురాలికి అప్పటికి పట్టా చేతికొచ్చేసింది. ఈ అమ్మాయికి మాత్రం ఏమీ రాలేదు. చట్టం దృష్టిలో ఆమె ఇంకా పీయూసీ పాసైన విద్యార్థినే. డిగ్రీ అర్హతగా పెట్టే బ్యాంకు ఉద్యోగాలకు గానీ, సివిల్స్‌కు గానీ ఆ మూడేళ్ల మార్కుల మెమోలు పనికిరావు.

ఆడపిల్లల విషయంలో ఇది మరీ బాధాకరం. సరిహద్దు పల్లెల్లో మూడో ఏడాదికల్లా పెళ్లి మాట ఎత్తే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. మూడేళ్ల డిగ్రీ అయితే పట్టా చేతికొచ్చాకే పెళ్లి అని పట్టుబట్టొచ్చు. అయిదేళ్ల కోర్సులో ఆ మాట చెప్పాలంటే ఇంకో రెండేళ్లు ఆగాలి. ఆగలేని ఇంట్లో పిల్లకు అటు బీఏ రాదు, ఇటు లా రాదు. రెంటికీ చెడ్డ రేవడి అన్నది ఇలాంటి చోటే నిజమవుతుంది.

ఇంత కట్టడి ఉన్న కోర్సులో చేరితే కలిసొచ్చేది ఎంత అని లెక్క వేస్తే ఒక్క ఏడాదే. విడిగా మూడేళ్ల డిగ్రీ, తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదివితే ఆరేళ్లు. కలిపి చదివితే అయిదు. లాయరే అవుతానని పదిహేడేళ్ల వయసులోనే గట్టిగా తెలిసిన పిల్లలకు ఈ ఏడాది నిజంగా లాభమే. బెంగళూరులో 1987లో ఏర్పడిన నేషనల్ లా స్కూల్, హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన నల్సార్ లాంటి సంస్థలు ఈ అయిదేళ్ల పద్ధతికే పేరు తెచ్చాయి. అయితే 'చూద్దాంలే, నచ్చకపోతే బీఏ అయినా మిగులుతుంది' అనుకుని చేరేవారికి మాత్రం ఇది సరైన దారి కాదు. ఆ బీఏ మిగలదు.

ఇప్పటికే చేరి ఊగిసలాడుతున్న వారి సంగతేమిటి? వారి ముందు మూడు దారులున్నాయి. ఒకటి, పళ్లు బిగబట్టి అయిదేళ్లూ పూర్తి చేయడం. మూడేళ్లు గడిచిపోయిన వారికి చాలాసార్లు ఇదే తక్కువ నష్టం. ఎందుకంటే బయటకొచ్చి మళ్లీ మూడేళ్ల డిగ్రీ మొదలుపెడితే ఇంకో మూడేళ్లు కావాలి. ఇక్కడే ఉంటే రెండేళ్లే. రెండు, మొదటి ఏడాదిలోనే తేల్చుకుని మామూలు డిగ్రీలో కొత్తగా చేరిపోవడం. నష్టం ఒక ఏడాదితో ఆగుతుంది. మూడు, లా చదువుతూనే దూరవిద్యలో ఒక డిగ్రీ మొదలుపెట్టడం. అదే 2008 నిబంధనల్లో 6వది లా విద్యార్థి ఇంకో రెగ్యులర్ కోర్సులో చేరకూడదని చెబుతూనే, విశ్వవిద్యాలయాల దూరవిద్య కోర్సులకు మినహాయింపు ఇచ్చింది. మొదటి ఏడాదిలోనే అనుమానం మొదలైతే ఈ దారిలో మూడేళ్లకు ఒక పట్టా భద్రంగా ఉంటుంది.

అయితే ఇది దాచి చేసే పని కాదు. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ లా కాలేజీలన్నిటికీ సర్క్యులర్ పంపింది. చదివే కాలంలో ఇంకో రెగ్యులర్ డిగ్రీ చేయలేదని, కేసులు లేవని, ఉద్యోగం, హాజరు వివరాలతో విద్యార్థులు రాసివ్వాలని అందులో ఉంది. దూరవిద్యలో చేరిన వారు ఆ సంగతి కాలేజీకి కాగితం మీద తెలిపి, అందినట్లు సంతకం తీసుకోవడం మేలు. రేపు వకాలత్ నమోదుకు వెళ్లినప్పుడు అదే రక్ష.

పంతుళ్ల కోర్సులోనూ లెక్క అంతే

ఉపాధ్యాయ వృత్తి మీద మనసున్న వారికి నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులున్నాయి. మైసూరు, భువనేశ్వర్, భోపాల్‌లలోని ప్రాంతీయ విద్యాసంస్థలు ఎన్‌సీఈఆర్‌టీ కింద ఈ తరహా చదువులు చాలాకాలంగా నడుపుతున్నాయి. కర్ణాటక, తమిళనాడు, యానాం పిల్లలకు మైసూరు, ఒడిశా వారికి భువనేశ్వర్, మహారాష్ట్ర వారికి భోపాల్ వర్తిస్తాయి. వీటికి తోడు ఐటెప్ పేరుతో నాలుగేళ్ల కొత్త కోర్సు 2023-24 నుంచి దేశంలో కొన్ని సంస్థల్లో మొదలైంది.

ఇక్కడా కలిసొచ్చేది ఏడాదే. మూడేళ్ల డిగ్రీ తర్వాత రెండేళ్ల బీఈడీ అంటే అయిదేళ్లు. కలిపి చదివితే నాలుగు. చేరేముందు అడగాల్సిన ప్రశ్న కూడా అదే. బడిలో పాఠం చెప్పడం నచ్చక మూడో ఏడాది తర్వాత ఆపేస్తే డిగ్రీ ఇస్తారా, ఇవ్వరా? 'ఇస్తారనుకుంటా' అనే మాట మీద నమ్మకం పెట్టుకోకూడదు. ప్రాస్పెక్టస్‌లో ఆ వాక్యం ఉందో లేదో అక్షరాలా చూసుకోవాలి. లేకపోతే లేనట్టే లెక్క.

ఇంజినీరింగులో బీటెక్, ఎంటెక్ కలిపిన అయిదేళ్ల కోర్సులు, సైన్సులో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీలు మరో రకం. వీటిని నడిపే సంస్థల్లో కొన్ని, మొదటి డిగ్రీకి కావాల్సిన క్రెడిట్లు పూర్తిచేసిన వారికి ఆ పట్టాతో బయటికి వెళ్లే వీలు కల్పిస్తున్నాయి. కొన్ని కల్పించడం లేదు. ఇది సంస్థను బట్టి, చేరిన ఏడాదిని బట్టి మారుతుంది. వీలున్న చోట కూడా దరఖాస్తుకు గడువు ఉంటుంది. చివరి సెమిస్టరులో నిద్ర లేచి పరుగెత్తితే కుదరకపోవచ్చు.

రెండు కోర్సులు ఒకేసారి: వదలడం తేలిక, వదిలే పద్ధతే ముఖ్యం

ఇక రెండో రకం. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022 ఏప్రిల్‌లో అనుమతి ఇచ్చింది. వేళలు ఢీకొనకపోతే రెండూ కాలేజీకి వెళ్లే చదవొచ్చు. ఒకటి కాలేజీలో, మరొకటి దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో చేయొచ్చు. రెండూ దూరవిద్యలో అయినా సరే. పీహెచ్‌డీకి ఇది వర్తించదు. వృత్తి విద్యా కోర్సులకు ఆయా మండళ్ల నిబంధనలే చెల్లుతాయి. లా విద్యార్థులు రెండో రెగ్యులర్ డిగ్రీ చేయలేకపోవడం అందుకే.

అప్పట్లో ఈ అనుమతి 2022 ఏప్రిల్ 13 నుంచే వర్తిస్తుందని, అంతకుముందు చదివిన వారికి కాదని అన్నారు. దాంతో పాత జోడు పట్టాల వారు ఉద్యోగాల పరిశీలనలో ఇబ్బంది పడ్డారు. 2025 జూన్‌లో యూజీసీ ఆ మాట సవరించింది. అప్పటి నిబంధనలకు లోబడి అంతకుముందు ఒకేసారి చదివిన డిగ్రీలు కూడా చెల్లుతాయని తేల్చింది. పదేళ్ల కిందట రెండు చదివి, ఒకటి దాచిపెట్టుకున్న వారికి ఇది ఊరటే.

ఈ రకంలో ఒకటి వదిలేస్తే రెండోదానికి ఏమీ కాదు. రెండూ వేర్వేరు పట్టాలు, వేర్వేరు హాల్‌టికెట్లు. అయినా ఇబ్బంది పడేవాళ్లు ఉంటున్నారు. కారణం, వదిలే తీరు. చాలామంది ఫీజు కట్టడం మానేస్తారు, పరీక్షకు వెళ్లరు, అంతటితో అయిపోయిందనుకుంటారు. తీరా పీజీలో చేరేటప్పుడు టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్ ఆ వదిలేసిన చోటే ఇరుక్కుని ఉంటాయి. చేరేటప్పుడు ఇంటర్, పీయూసీ టీసీ ఏ కాలేజీకి ఇచ్చారో గుర్తుండదు. వదులుతున్నామని ఒక దరఖాస్తు రాసి, బకాయి లేదన్న కాగితం తీసుకుంటే గంటలో తేలే పనిది. ఏళ్ల తర్వాత అదే పనికి నాలుగుసార్లు బస్సెక్కాలి.

రెంటిలో ఏది ఉంచుకోవాలన్నదీ ఆలోచించాల్సిందే. దూరవిద్య డిగ్రీని ఉంచుకుందామనుకునే వారు దానికి ఆ ఏడాది యూజీసీ గుర్తింపు ఉందో లేదో ముందు చూడాలి. గుర్తింపు సంస్థకు ఒకసారి వస్తే ఎప్పటికీ ఉండేది కాదు. కర్ణాటక రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం అనుభవమే ఇందుకు సాక్ష్యం. దాని కోర్సులకు గుర్తింపు లేదని యూజీసీ 2015లో ప్రకటించింది. మళ్లీ గుర్తింపు దక్కింది 2018లో. మధ్యలో చదివిన వారు పట్టాలు పట్టుకుని తిరగాల్సి వచ్చింది. అన్ని సబ్జెక్టులూ దూరవిద్యలో చదవడానికి వీల్లేదు కూడా. ఇంజినీరింగ్, లా, నర్సింగ్ లాంటివి ఇదివరకే నిషిద్ధం. 2025లో మనస్తత్వశాస్త్రాన్ని, ఆరోగ్య రంగానికి చెందిన మరికొన్నిటిని కూడా ఆ జాబితాలో చేర్చారు.

సరిహద్దు తెలుగువారికి ఇంకో మెలిక ఉంది. పిల్లలకు తెలుగులో ఒక డిగ్రీ ఉంటే బాగుండునని, హైదరాబాద్‌లోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వైపో, కుప్పంలోని ద్రవిడ విశ్వవిద్యాలయం వైపో చూసేవాళ్లు ఉంటారు. బంధువులు అటువైపే ఉంటారు కాబట్టి ఆ ఆలోచన సహజం. కానీ రాష్ట్ర విశ్వవిద్యాలయం ఏదైనా సరే దూరవిద్య అధ్యయన కేంద్రాలను తన రాష్ట్ర ఎల్లలు దాటి పెట్టకూడదన్నది యూజీసీ నియమం. బళ్లారిలోనో, హోసూరులోనో ఒక గదికి బోర్డు తగిలించి 'పక్క రాష్ట్రం యూనివర్సిటీ స్టడీ సెంటర్' అంటే అనుమానించాల్సిందే. దేశమంతటా కేంద్రాలు పెట్టగల ఇగ్నో సంగతి వేరు.

డబుల్ మేజర్: ఏ ఏడాది చేరారన్నదే ముఖ్యం

మూడో రకం డబుల్ మేజర్. ఇందులో ఒకటి వదిలినా పట్టా ఎక్కడికీ పోదు. పట్టా మీది సబ్జెక్టు పేరు మాత్రమే మారుతుంది. అయినా మన కర్ణాటక పిల్లలను ఇది బాగా తికమక పెట్టింది. కారణం, నాలుగేళ్లలో విధానం రెండుసార్లు మారింది.

జాతీయ విద్యా విధానాన్ని ముందుగా అమలు చేసిన రాష్ట్రం కర్ణాటక. 2021-22లో నాలుగేళ్ల ఆనర్స్ పద్ధతి వచ్చింది. మొదటి రెండేళ్లు రెండు సబ్జెక్టులు సమానంగా చదివి, మూడో ఏడాదిలో ఒకటి మేజర్, ఒకటి మైనర్‌గా పెట్టుకోవచ్చు, లేదా రెండిటినీ మేజర్లుగా కొనసాగించొచ్చు. మూడేళ్లకే డిగ్రీతో బయటపడే వీలూ ఉంది. ప్రభుత్వం మారాక 2023 అక్టోబరులో సుఖదేవ్ థోరాట్ అధ్యక్షతన రాష్ట్ర విద్యా విధాన కమిషన్‌ను వేశారు. ఆ కమిషన్ మధ్యంతర నివేదిక మీద 2024 మే నెలలో ఉత్తర్వు వచ్చింది. 2024-25లో చేరిన వారి నుంచి మళ్లీ మూడేళ్ల డిగ్రీ.

ఫలితంగా 2024-25లో ఒకే కాలేజీలో ఒకే బెంచీ మీద రెండు రకాల విద్యార్థులు కూర్చున్నారు. మూడో సెమిస్టరు వారికి ఒక నియమం, మొదటి సెమిస్టరు వారికి ఇంకొకటి. అన్న చదివిన పద్ధతి తమ్ముడికి పనికిరాలేదు. 'మా అన్న మూడో ఏడాదిలో ఒకటే మేజర్ పెట్టుకున్నాడు, నేనూ పెట్టుకుంటా' అంటే ఆఫీసులో కుదరకపోవచ్చు. తాను చేరిన బ్యాచ్‌కు వర్తించే ఉత్తర్వు ఏదో అదే చూడాలి.

సరిహద్దుకు అవతల కథ మరోలా నడిచింది. ఆంధ్రప్రదేశ్‌లో చాలాకాలం మూడు సబ్జెక్టులకు సమానంగా విలువ ఉండేది. గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల ఎంపీసీ అందరికీ తెలిసిందే. 2023-24లో దాన్ని మార్చి ఒకే మేజర్ విధానం తెచ్చారు. అంటే బళ్లారిలో పిల్లలు రెండు సబ్జెక్టులతో చేరిన ఏడాదే, యాభై అరవై మైళ్ల దూరంలోని అనంతపురంలో వాళ్ల మేనత్త పిల్లలు ఒకే సబ్జెక్టుతో చేరారు. పండక్కి కలిసినప్పుడు ఒకరి సలహా ఒకరికి ఇచ్చుకున్నారు. రెండు సలహాలూ మంచి మనసుతో ఇచ్చినవే. రెండూ అవతలివారికి పనికిరానివే.

డబుల్ మేజర్ నుంచి ఒక్కదానికి దిగేవారు పీజీ సంగతి మరిచిపోకూడదు. ఎమ్మెస్సీ, ఎమ్మే సీట్లలో చాలావాటికి ఆ సబ్జెక్టును డిగ్రీలో ఇన్ని సెమిస్టర్లు చదివి ఉండాలన్న షరతు ఉంటుంది. డిగ్రీ తర్వాత అనంతపురమో, తిరుపతో, హైదరాబాదో వెళ్లి పీజీ చదవాలనుకునే బళ్లారి, రాయచూరు పిల్లలు, అక్కడి నోటిఫికేషన్‌లోని అర్హత చూసుకున్నాకే ఇక్కడ సబ్జెక్టు వదలాలి. మైనర్‌గా చదివిన సబ్జెక్టు అక్కడ చాలదంటే వెనక్కి తిరగడానికి దారి ఉండదు.

ఉద్యోగానికి ఎన్ని పట్టాలు కావాలి?

అసలు రెండో పట్టా ఎందుకని ఎవరూ అడగరు. రెండుంటే విలువ ఎక్కువన్నది నమ్మకం. సివిల్స్‌కు కావాల్సింది గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం నుంచి ఒక డిగ్రీ. రాష్ట్ర సర్వీసు కమిషన్ల డిగ్రీ స్థాయి పరీక్షలు, బ్యాంకు పరీక్షలు కూడా అంతే. రెండో డిగ్రీకి అదనపు మార్కులు లేవు. పట్టా కచ్చితంగా అవసరమైన చోట్లు కొన్ని ఉన్నాయి. కోర్టులో వాదించాలంటే లా, హైస్కూలులో పాఠం చెప్పాలంటే బీఈడీ కావాలి. అక్కడ రెండో పట్టా అలంకారం కాదు, అవసరం. మిగతా చోట్ల ఒక డిగ్రీ బాగా చదివి, మిగిలిన వేళ పరీక్షకు తయారైతే దక్కేది ఎక్కువ.

ఆ మాటకొస్తే ఒకటి వదలడం ఓటమి కాదు. రెండు డిగ్రీల్లోనూ బొటాబొటి మార్కులతో గట్టెక్కడం కంటే, ఒకదాంట్లో మంచి మార్కులు తెచ్చుకోవడం మేలు. ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అని మోయలేని బరువు మోయించే తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి.

డబ్బు వెనక్కి వస్తుందా?

మారాలనుకున్నాక ఆలస్యం చేయకూడదు. ఫీజు వాపసుకు యూజీసీ 2018లో ఒక పట్టిక ప్రకటించింది. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు, అంతకన్నా ముందు మానుకుంటే ప్రాసెసింగ్ ఖర్చు మినహా మొత్తం వస్తుంది. 15 రోజుల లోపు వ్యవధి ఉండగా మానుకుంటే 90 శాతం. చివరి తేదీ దాటాక 15 రోజుల్లోపు అయితే 80 శాతం, 15 నుంచి 30 రోజుల మధ్య అయితే 50 శాతం. నెల దాటితే ఏమీ రాదు. 2024-25లో విద్యార్థులకు ఇంకాస్త వెసులుబాటు ఇచ్చారు. సెప్టెంబరు 30 లోపు మానుకున్న వారికి మొత్తం, అక్టోబరు 31 లోపు అయితే గరిష్ఠంగా వెయ్యి రూపాయలు మినహాయించి ఇవ్వాలన్నారు. ఏ ఏడాదికి ఆ ఏడాది తేదీలు చూసుకోవాలి. అసలు సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర బిగబట్టుకోకూడదని కూడా యూజీసీ స్పష్టంగానే చెప్పింది. పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలి. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలా ఇళ్లలో బెంగ తగ్గుతుంది.

చదివిన చదువు పూర్తిగా గాలికి పోకుండా 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పద్ధతి తెచ్చారు. పాసైన క్రెడిట్లు విద్యార్థి ఖాతాలో జమ అవుతాయి. గరిష్ఠంగా ఏడేళ్ల వరకు చెల్లుతాయి. చేరబోయే సంస్థ వాటిలో ఎన్నిటిని ఒప్పుకుంటుందో ముందే రాయించుకోవాలి. ఖాతా తెరవని వారు, కాలేజీ వదిలే ముందే తెరిచి క్రెడిట్లు ఎక్కించుకోవాలి. విద్యారుణం ఉన్నవారు బ్యాంకుకు చెప్పకుండా కోర్సు మారితే తర్వాతి వాయిదా ఆగిపోతుంది.

ఎవరు చెప్పాలి?

ఈ నిబంధనల్లో ఏదీ రహస్యం కాదు. అన్నీ అచ్చులో ఉన్నవే. కానీ ఉన్నది ఎక్కువగా ఇంగ్లీషులో. మిగిలింది కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో రాష్ట్ర భాష చదివి, ఫారం ఇంగ్లీషులో నింపే కుటుంబం ఎక్కడ సంతకం పెడుతోందో పూర్తిగా తెలియకుండానే పెట్టేస్తుంది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ మెట్టు ఎక్కుతున్న పిల్లలకు అడిగి తెలుసుకునే మనిషి కూడా ఉండరు. దొరికే సలహా అల్లా సరిహద్దు అవతలి బంధువులది. అక్కడి నియమం వేరని వాళ్లకూ తెలియదు.

కాలేజీలు చేయగలిగింది చిన్నది. దరఖాస్తు మొదటి పేజీలోనే, ఈ కోర్సు మధ్యలో ఆపితే ఏ పట్టా వస్తుంది, ఎన్నేళ్లకు వస్తుంది, అసలు వస్తుందా రాదా అన్నది ఒక్క వరసలో అచ్చువేస్తే చాలు. జోడు డిగ్రీ లాభాలను పెద్ద అక్షరాల్లో ప్రకటించే వారు ఈ ఒక్క వరసకు చోటు లేదనలేరు. ప్రవేశాల రోజుల్లో ఊరిలోని తెలుగు సంఘాలు కూడా ఒక పని చేయొచ్చు. ఉగాదికి కవి సమ్మేళనం పెట్టే హాలులోనే జూన్‌లో ఒక బల్ల వేసి, నిబంధనలు తెలిసిన రిటైర్డు లెక్చరర్ ఒకరిని రెండు రోజులు కూర్చోబెట్టాలి. తెలుగులో అడిగితే తెలుగులో చెప్పే మనిషి ఒకరుంటే ఎన్నో ఏళ్లు మిగులుతాయి.

అంతవరకు ఇంటివాళ్లే అడగాలి. ఫీజు కట్టే ముందు కిటికీ దగ్గర ఒక్క ప్రశ్న వేయాలి. 'మా పిల్ల మూడో ఏడాదిలో మానేస్తే చేతికి ఏమొస్తుంది?' అని. జవాబు కాగితం మీద ఇస్తే కట్టొచ్చు. నోటిమాటగా చెబితే ఇంకో రోజు ఆగి, నిబంధన చూసుకుని వచ్చి కట్టినా మునిగిపోయేదేమీ లేదు.